బొమ్మ ఎవరికి, బిల్లు ఎవరికి

చిరంజీవులు హర్షకూ చిన్నికీ తాతయ్య ఆశీర్వదించి రాసేది. ఇక్కడ నేనూ నాయనమ్మా క్షేమం. మీరు వెళ్ళాక ఇల్లు బోసిపోయింది. రిమోట్ మళ్ళీ నా చేతికొచ్చింది గానీ దాంతో ఏం చెయ్యాలో తోచడం లేదు.

దసరా సెలవుల్లో వరండాలో జరిగిన రభస గుర్తుందా? మీ బాబాయి హైదరాబాదు నుంచి ఇంత పెట్టె పట్టుకొచ్చి, చాప పరుచుకుని, ప్లాస్టిక్ ముక్కలు ఒక్కొక్కటే కత్తిరించి గండాం అనే జపాన్ టీవీ కథలోని రోబోని బిగిస్తూ కూచున్నాడు. నాయనమ్మ ఊరుకుంటుందా? "ముప్పై ఆరేళ్ళొచ్చాయి, ఇంకా బొమ్మలేమిట్రా" అంది. "ఇది పెద్దవాళ్ళది నాయనమ్మా, నీకు తెలీదు" అని హర్ష వెనకేసుకొచ్చాడు. చిన్ని మాత్రం నా దగ్గరికొచ్చి, "తాతయ్యా, అసలు ఈ యానిమేలు, అదే జపాన్ కార్టూన్లు, ఎవరికోసం తీస్తారు?" అంది. నాకు జవాబు తెలీక, ముందు అన్నాలకి లేవండర్రా అని తప్పించుకున్నాను. తరవాత నెల రోజులు అదీ ఇదీ చదివాను. ఇప్పుడు చెప్తాను. నాకు తెలిసింది కొట్టు భాషే, కాబట్టి ఆ భాషలోనే.

హైస్కూలు ఎదురుగా ముప్పై ఏళ్ళు ఫ్యాన్సీ షాపు నడిపినవాణ్ణి. కౌంటరు ముందు ఎప్పుడూ ఇద్దరుంటారు. వేలు చూపించేవాడొకడు, జేబులో చెయ్యి పెట్టేవాడొకడు. టీవీలో పోకెమాన్ వస్తున్న కొత్తలో చిప్స్ ప్యాకెట్లలో గుండ్రటి బొమ్మ బిళ్ళలు వేసేవారు. ఇంటర్వెల్ గంట కొట్టగానే పిల్లలు ఎగబడి, లోపల బిళ్ళ తగులుతుందా లేదా అని ప్రతి ప్యాకెట్టూ నొక్కి చూసేవారు. సాయంత్రానికి నా చిప్స్ సగం పొడి. ఒకడైతే నాలుగు ప్యాకెట్లు కొని, నాలుగు బిళ్ళలూ జేబులో వేసుకుని, "చిప్స్ మీరు తినండి అంకుల్" అని కౌంటరు మీద పెట్టేసి పోయాడు. ఆ రోజు నేను వాడికి అమ్మిందేమిటో చెప్పండి చూద్దాం.

ఇదేదో మనకే వచ్చిన తెలివి అనుకున్నాను. కాదు. 1963 జనవరి 1న జపాన్ టీవీలో బొమ్మల కథలు గీసే టెజుకా ఒసాము గారి ఆటమ్ అనే రోబో కుర్రాడి యానిమే మొదలైంది. తయారీకి అయిన ఖర్చు కన్నా తక్కువకే ఆయన దాన్ని టీవీవాళ్ళకి ఇచ్చారు. లోటు బొమ్మల మీదా విదేశీ అమ్మకాల మీదా పూడ్చుకోవాలి. స్పాన్సరు మెయిజీ అనే చాక్లెట్ కంపెనీ. ఆటమ్ స్టిక్కర్ల కోసం పిల్లలు ఆ చాక్లెట్ల మీద పడ్డారు. అంటే మన ఇంటర్వెల్ తొక్కిసలాట అక్కడ నలభై ఏళ్ళ ముందే అయిపోయింది. డెబ్బైల్లోకి వచ్చేసరికి చాక్లెట్ స్థానంలో రోబో బొమ్మ వచ్చింది. రోబో కథలకి బొమ్మల కంపెనీలే పెట్టుబడి. వారానికి అరగంట కథ, అదే అరగంట ప్రకటన.

ఇక మీ బాబాయి గండాం సంగతి. ఇది కాస్త ఓపిగ్గా వినాలి.

1979 ఏప్రిల్‌లో మొదలైంది. డబ్బు పెట్టింది క్లోవర్ అనే బొమ్మల కంపెనీ. వాళ్ళు మనసులో పెట్టుకున్నది చిన్న చిన్న పిల్లల్ని. దర్శకుడు టొమినో యొషియుకి తీసిందేమో యుద్ధం కథ. పదిహేనేళ్ళ కుర్రాడు భయపడతాడు, అలుగుతాడు, ఓడ వదిలి పారిపోతాడు. శత్రువులకీ పెళ్ళాం పిల్లలుంటారు. బొమ్మ కొనే వయసు పిల్లలకి ఇది ఎక్కలేదు. ఎక్కినవాళ్ళు హైస్కూలు, కాలేజీ పిల్లలు. వాళ్ళు క్లోవర్ వారి ఇనప బొమ్మ కొనరు కదా! చూసేవాడున్నాడు, కొనేవాడు లేడు. కంపెనీ ఒత్తిడి మీద మధ్యలో జి-ఆర్మర్ అని రోబోకి తగిలించే కొత్త వాహనం ఒకటి కథలోకి వచ్చింది, కొట్లో ఇంకో బొమ్మ అమ్ముకోవచ్చని. అయినా లాభం లేకపోయింది. 52 భాగాలు అనుకున్నది 43తో చాప చుట్టేశారు.

ఆ తరవాత చూడండి. పునఃప్రసారాల్లో జనం విరగబడ్డారు. 1980 జులైలో బందాయ్ కంపెనీ 300 యెన్లకి విడి ముక్కల పెట్టె ఒకటి దించింది. ముక్కలు అతికించుకోవాలి, కావాలంటే రంగు వేసుకోవాలి. అది ఐదేళ్ళ పిల్లాడి పని కాదు, మీసాలొచ్చే కుర్రాళ్ళ పని. సరిగ్గా చూసేవాళ్ళకి తగ్గ సరుకు అప్పుడు దొరికింది! కొట్ల ముందు క్యూలు కట్టారు. అదే కథని సినిమాలుగా కూర్చేటప్పుడు టొమినో గారు ఆ జి-ఆర్మర్‌ని తీసిపారేసి వేరే విమానం పెట్టుకున్నారు. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చింది ఈ ముక్కే. క్లోవర్ 1983లో దివాలా తీసింది. పాపం, నాకు వాళ్ళ మీద జాలి. కొట్టువాణ్ణి కదా, సరుకు మంచిదే అయినా గిరాకీ ఎవరో తెలీకపోతే ఏమవుతుందో నాకు తెలుసు.

మీ బాబాయి తెచ్చిన పెట్టె ఆ 300 యెన్ల పెట్టెకి మనవడు. కాబట్టి హర్ష అన్నది నిజమే. కానీ పూర్తిగా కాదు, ఎందుకంటే ప్రతి కథా మొదట ఒక వయసువాళ్ళ పేరు మీదే బయల్దేరుతుంది. మీరిద్దరూ చూసే డోరేమాన్ 1970 జనవరి సంచికలతో మొదలైంది. షోగాకుకాన్ వాళ్ళు తరగతికో పత్రిక వేసేవారు, బడికి వెళ్ళని బుడతలకి వేరే. ఫుజికో ఎఫ్. ఫుజియో గారు మొదట్లో నెలకి ఆరు పత్రికల్లో, ఆ వయసుకి తగ్గట్టు, దేని కథ దానికే గీసేవారు. పిల్లల కోసం తీయడం అంటే అదీ!

చిన్నీ, నువ్వు అన్నం తింటూ చూసే షిన్‌చాన్ మాత్రం అలా కాదు. వాడు 1990లో పుట్టింది పెద్దవాళ్ళ పత్రికలో. ఆఫీసు నుంచి రైల్లో ఇంటికెళ్ళే మగవాళ్ళు చదువుకునే రకం. టీవీకి వచ్చాక పిల్లలు పట్టుకున్నారు, వాళ్ళ అమ్మలు తల పట్టుకున్నారు. మన దేశంలో కూడా 2008లో కొన్నాళ్ళు ఆపేసి, కత్తిరింపులు చేసి మళ్ళీ వదిలారు. మీ అమ్మ వాణ్ణి తిడుతుంటే నేను నవ్వింది అందుకే.

ఏ పత్రిక ఎవరిదో కనిపెట్టడానికి ఒక కిటుకుంది. జపాన్ వాళ్ళు వాడే చైనా అక్షరాలు పిల్లలకి కష్టం. అందుకని పిల్లల పత్రికల్లో ఆ అక్షరం పక్కనే, ఎలా పలకాలో చీమ తలకాయంత అక్షరాల్లో వేస్తారు. పెద్దవాళ్ళ పత్రికల్లో చాలామటుకు వెయ్యరు. హర్షా, నీ నరుటో, వన్ పీస్ వచ్చిన షోనెన్ జంప్‌లో ఆ చీమలు ఉంటాయి. షోనెన్ అంటేనే కుర్రాడు. కానీ అమ్మాయిలూ లక్షణంగా చదువుతారు, కాబట్టి ఆ రోజు చిన్నితో "ఇది మగపిల్లలది, పో" అన్నావే, ఆ మాట వాపసు తీసుకో.

ఇంకో ముచ్చట. ప్రీక్యూర్ అని 2004 నుంచీ ఆదివారం పొద్దున్నే వస్తుంది, బుజ్జి ఆడపిల్లల కోసం. దాదాపు ఏటా కొత్త జట్టు, కొత్త మంత్రదండం. పాత దండం పనికిరాదు, నాన్న మళ్ళీ కొనాలి. దాని సినిమాకి వెళ్తే పిల్లల చేతికి చిన్న లైటు ఇచ్చేవారు, నాయిక కష్టంలో ఉన్నప్పుడు ఊపడానికి. హాల్లో దాన్ని ఇష్టపడే పెద్దవాళ్ళూ ఉండేవారు. టికెట్టు నిండు ధరకి కొనేవారు, చేతికి లైటు మాత్రం వచ్చేది కాదు. చీకట్లో ఏ సీట్ల దగ్గర లైట్లు ఊగుతున్నాయో చూస్తే సినిమా ఎవరిదో తెలిసిపోయేది.

అర్ధరాత్రి దాటాక వేసే యానిమేలు వేరే జాతి. పుస్తకం వేసేవాళ్ళు, పాటల కంపెనీ, బొమ్మల కంపెనీ, టీవీవాళ్ళు తలా కొంత వేసుకుని కమిటీగా ఏర్పడి తీస్తారు. రెండు భాగాల డిస్కు ఆరేడు వేల యెన్లు పెట్టి కొనగల, జీతం తెచ్చుకునే కుర్రకారే ఒకప్పుడు వాళ్ళ గురి. ఇప్పుడు డిస్కులు పడిపోయి ఫోన్ ఆటలూ ఆన్‌లైన్ చందాలూ వచ్చాయి. రాత్రింబవళ్ళు గీసిన స్టూడియోకి మాత్రం ఆ కమిటీలో చాలాసార్లు వాటా ఉండదు, కూలి ఉంటుంది. ఇల్లు కట్టిన మేస్త్రికి అద్దె వస్తుందా?

అయితే గురి పెట్టినచోటే తగలాలని లేదు. డీమన్ స్లేయర్ 2019లో అర్ధరాత్రి సరుకే. తలలు తెగే కథ. 2020లో సినిమా వస్తే జపాన్‌లో చిన్నపిల్లల్ని వెంటబెట్టుకుని కుటుంబాలు కదిలాయి, ఒక్క ఆ దేశంలోనే 4,000 కోట్ల యెన్లకి పైగా వచ్చింది. 2025లో ఆ వరసలోనే ఇంకో సినిమా మన హాళ్ళలో తెలుగులో ఆడింది, హర్ష చూసొచ్చి నాలుగు రోజులు అదే కథ. దాన్ని తీయించిన అనిప్లెక్సూ, హర్ష చందా కట్టమని గొడవ చేస్తున్న, ఆన్‌లైన్‌లో యానిమేలు చూపించే క్రంచీరోలూ సోనీ ఇంటివే. 2023లో ఆ క్రంచీరోల్ ప్రకటనల్లోకి రష్మికని తెచ్చుకుంది. జపాన్ యానిమే అమ్మడానికి రష్మిక ఎందుకురా అంటే, వేలు చూపించేది నువ్వు కాబట్టి. జేబులో చెయ్యి పెట్టేది మీ నాన్న. ఆ చందా సంగతి నాన్నతో మాట్లాడతానన్నాను, మర్చిపోలేదు.

బాబాయి ఆ రోబోని ఇక్కడే వదిలేసి వెళ్ళాడు. టీవీ పక్కన నిలబెట్టాను. నాయనమ్మ రోజూ తిట్టుకుంటూనే దుమ్ము తుడుస్తోంది. నిన్న దాని తుపాకి చేతిలోంచి ఊడిపడితే కళ్ళజోడు పెట్టుకుని అరగంట కూచుని తనే పెట్టింది. ఇవాళ పొద్దున కాఫీ ఇస్తూ, సంక్రాంతికి బొమ్మల కొలువులో దీన్ని ఏ మెట్టు మీద పెడితే బాగుంటుందని అడిగింది. చిన్నీ, నువ్వు ఆలోచించి పెట్టు.

మీ తాతయ్య