‘అది ఎలాగూ వస్తుందిలే’: అమెరికా సేఫ్టీ కాలేజీల వెనుక కథ

కవరు లావుగా ఉంటే సీటొచ్చినట్టు. పల్చగా ఉంటే రానట్టు. ఇంటర్నెట్ రాకముందు అమెరికాలో హైస్కూల్ చివరి ఏడాది పిల్లలు పోస్టుడబ్బా దగ్గరే, కవరు చింపకుండానే ఫలితం తెలుసుకునేవాళ్లు. సీటిచ్చిన కాలేజీ హాస్టల్ ఫారాలు, ఫీజుల పట్టిక, స్వాగత పత్రాలు అన్నీ కూరి పంపేది. కాదనడానికి ఒక్క కాగితం చాలు. ఇప్పుడు కవర్లు పోయి పోర్టళ్లు వచ్చాయి. వరసగా పల్చటి కవర్లే వస్తే ఏం చేయాలన్న భయం మాత్రం పోలేదు, ఇంకా పెరిగింది. ఆ భయంలోంచి పుట్టిన మాటే ‘సేఫ్టీ స్కూల్’.

దరఖాస్తుల జాబితాను మూడు వరసలుగా వేసుకోవడం అక్కడ మామూలు. వస్తే అదృష్టం అనుకునేది రీచ్, మన మార్కులకు తగ్గది టార్గెట్, ఎలాగూ వస్తుందనుకునేది సేఫ్టీ. ఎమ్మెస్‌కు వెళ్లే మనవాళ్లు ఇదే లెక్కను ఆంబిషియస్, మోడరేట్, సేఫ్ అంటారు. పేరేదైనా, మూడో వరసలో ఏం రాయాలన్నదే అన్నిటికంటే కష్టమైన ప్రశ్న. అందరూ తక్కువ సమయం కేటాయించేది కూడా దానికే. నాకు తెలిసిన ఒక ఇంట్లో కుర్రాడి ఎక్సెల్ షీటు చూశాను. మొత్తం పద్నాలుగు కాలేజీలు. రీచ్ వరసలో ప్రతి కాలేజీకీ ప్రొఫెసర్ల పేర్లు, ల్యాబుల వివరాలు, వ్యాసాల గడువులు ఉన్నాయి. సేఫ్టీ అని పచ్చరంగు పూసిన రెండు గళ్లలో కాలేజీ పేరు తప్ప ఏమీ లేదు. వాటి వెబ్‌సైటు చూశావా అంటే, “అవి ఎలాగూ వస్తాయి కదా అంకుల్” అన్నాడు.

ఆ ‘ఎలాగూ’ అన్న మాట ఒకప్పుడు నిజమే. పందొమ్మిదో శతాబ్దంలో ఏ కాలేజీ ప్రవేశ పరీక్ష ఆ కాలేజీదే. లాటిన్, గ్రీకు, గణితం వచ్చి ఉండాలి. పాసైతే చేరిపోవడమే. ఒకటి రెండు సబ్జెక్టులు తప్పినా, చేరాక పూర్తి చేయాలన్న షరతు మీద తీసుకునేవారు. కాలేజీలకు విద్యార్థులు కావాలి, వాళ్ల ఫీజులు కావాలి. 1870ల్లో మిషిగన్ విశ్వవిద్యాలయం మరో దారి తెరిచింది. తాను గుర్తించిన హైస్కూళ్ల నుంచి సర్టిఫికెట్ తెస్తే పరీక్షే అక్కర్లేదంది. తూర్పు తీరంలో మాత్రం పరీక్షల పద్ధతే సాగింది. ఒక్కో కాలేజీకి ఒక్కో రకంగా పిల్లల్ని తయారుచేయలేక స్కూళ్లు సతమతమవుతుంటే, 1900లో కాలేజీ బోర్డు ఏర్పడి అందరికీ ఉమ్మడి పరీక్ష పెట్టింది. 1901 జూన్‌లో మొదటిసారి దాన్ని రాసినవాళ్లు 973 మంది. అప్పటికి అర్హత అన్నా, సీటు అన్నా ఒకటే. ఇక రెండో కాలేజీ ఎందుకు?

ఆ రెండూ విడిపోయింది 1920ల్లో. ఆ కథ అంత గౌరవప్రదమైంది కాదు. పరీక్షే కొలబద్ద కావడంతో తూర్పు తీరంలోని పేరున్న కాలేజీల్లోకి వలస వచ్చిన యూదు కుటుంబాల పిల్లలు పెద్ద సంఖ్యలో వచ్చారు. 1922 నాటికి హార్వర్డ్‌లో కొత్తగా చేరేవారిలో దాదాపు ఐదో వంతు వాళ్లే. ఆ విశ్వవిద్యాలయ అధ్యక్షుడు లారెన్స్ లోవెల్‌కు అది మింగుడుపడలేదు. యూదులకు పరిమితి పెడదామని బాహాటంగానే ప్రతిపాదించాడు. గొడవ పత్రికలకెక్కింది. మరుసటి ఏడాది అధ్యాపకుల కమిటీ కోటా కుదరదని తేల్చింది. కోటా పేరు లేకుండా అదే పని చేసే ఉపాయం 1926లో దొరికింది. మొదటి ఏడాది సీట్లు వెయ్యికి పరిమితం చేశారు. పరీక్షతో పాటు ‘వ్యక్తిత్వం’ కూడా చూస్తామన్నారు, దరఖాస్తుకు ఫొటో జతచేయమన్నారు. ప్రిన్స్‌టన్, యేల్, డార్ట్‌మత్ కూడా ఆ దశాబ్దంలోనే సీట్లు కుదించి, ఎంపిక చేతుల్లోకి తీసుకున్నాయి. మార్కులొక్కటే కాక మనిషిని మొత్తంగా చూస్తామంటూ ఇవాళ హోలిస్టిక్ రివ్యూ అని గౌరవంగా పిలుస్తున్న పద్ధతికి వేరు అక్కడుంది. తర్వాతి తరాల్లో దాన్ని మంచి పనులకూ వాడారు, అది వేరే సంగతి. దరఖాస్తుదారు వైపు నుంచి చూస్తే జరిగిన మార్పు ఒక్కటే. అర్హత ఉన్నా కాదనవచ్చు, ఎందుకు కాదన్నారో చెప్పనక్కర్లేదు. ర్యాంకును బట్టి సీటు ఖరారయ్యే పద్ధతిలో పెరిగిన తల్లిదండ్రులకు ఇప్పటికీ కొరుకుడుపడనిది ఇదే.

అయినా బెంగ వెంటనే మొదలు కాలేదు. 1950ల మొదట్లో కూడా హార్వర్డ్‌కు దరఖాస్తు చేసిన ముగ్గురిలో దాదాపు ఇద్దరికి సీటొచ్చేది. స్కూలు హెడ్మాస్టరు చెప్పిన చోటికి, తండ్రి చదివిన చోటికి ఒకే దరఖాస్తు పంపి ఊరుకునేవారు. తర్వాత రెండు పక్కల నుంచి ఒత్తిడి వచ్చింది. యుద్ధం నుంచి వచ్చిన సైనికులకు 1944 నాటి జీఐ బిల్లు కాలేజీ చదువు చెప్పించింది. దాని సాయంతో 20 లక్షల మందికి పైగా కాలేజీలకు వెళ్లారు. వాళ్ల వెనకే యుద్ధానంతరం పుట్టిన పిల్లల కెరటం. ఒక్కచోట వస్తుందో రాదోనని మూడు చోట్ల పంపడం మొదలైంది.

ఇక్కడ కాలేజీల లెక్క తారుమారైంది. వెయ్యి సీట్లున్న కాలేజీకి నాలుగు వేల మంది దరఖాస్తు చేశారనుకుందాం. అందరూ ఇక్కడే చేరాలనుకుంటే వెయ్యి ఉత్తరాలు చాలు. ప్రతివాడూ మరో మూడు చోట్ల కూడా పెట్టాడంటే, ఎవరొస్తారో తెలియదు. నలుగురిలో ఒకరే వస్తారనుకుంటే నాలుగు వేల ఉత్తరాలూ పంపాలి. లెక్క తప్పి ముగ్గురిలో ఒకరు వచ్చేస్తే 300 మందికి పైగా పిల్లలకు హాస్టల్ గదులు ఉండవు. సీటిచ్చినవాళ్లలో ఎంతమంది నిజంగా చేరతారన్న ఈ నిష్పత్తినే ‘యీల్డ్’ అంటారు. కాలేజీ అడ్మిషన్ల ఆఫీసుకు నిద్రలేకుండా చేసేది ఇదే. వెయిటింగ్ లిస్టు కాలేజీ తన కోసం పెట్టుకున్న బ్యాకప్. 1950ల్లోనే మొదలైన ఎర్లీ డెసిషన్ కూడా అంతే. సీటిస్తే కచ్చితంగా చేరతానని ముందే మాటిచ్చే విద్యార్థి కాలేజీ పాలిట సేఫ్టీ. అంటే భయం రెండు వైపులా ఉంది. పిల్లవాడు తన భయం కొద్దీ ఇంకో రెండు దరఖాస్తులు పెడితే, కాలేజీకి వాడి మీద నమ్మకం ఇంకొంచెం తగ్గుతుంది.

ఆ తర్వాత ఈ గానుగను వేగంగా తిప్పినవి మూడు. మొదటిది, 1975లో 15 ప్రైవేటు కాలేజీలు కలిసి తెచ్చిన కామన్ అప్లికేషన్. ఒకే ఫారం, ఎన్నిచోట్లకైనా. ఇప్పుడది వెయ్యికి పైగా కాలేజీలకు పాకింది. రెండోది, 1983లో యూఎస్ న్యూస్ పత్రిక మొదలుపెట్టిన ర్యాంకులు. ఎంత ఎక్కువమందిని కాదంటే అంత గొప్ప అన్న సూత్రం అందులో చాలాకాలం ఉండేది. యీల్డ్‌ను 2003లో, ప్రవేశాల శాతాన్ని 2018లో లెక్కలోంచి తీసేశారు గానీ, అప్పటికే అలవాటు ముదిరింది. మూడోది కాలిఫోర్నియా సంగతి, కొంచెం విడిగా చెప్పాలి.

1960లో ఆ రాష్ట్రం చేసుకున్న మాస్టర్ ప్లాన్ బ్యాకప్ కాలేజీ అన్న ఆలోచనను రాష్ట్ర విధానంగా మార్చింది. హైస్కూల్ పిల్లల్లో పైనున్న 12.5 శాతానికి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, పైనున్న మూడో వంతుకు రాష్ట్ర కాలేజీలు, మిగతా అందరికీ కమ్యూనిటీ కాలేజీలు. కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి పైకి మారే దారి కూడా ఆ ప్లాన్‌లోనే ఉంది. ఏ పిల్లవాడికీ అన్ని తలుపులూ మూసుకుపోవన్నది దాని హామీ. బర్క్‌లీలో చోటు లేకపోతే అదే వర్సిటీకి చెందిన మరో క్యాంపస్‌కు మళ్లించేవారు. 1986లో ఒకే ఫారంతో ఒకేసారి ఎన్ని క్యాంపస్‌లకైనా పెట్టుకోవచ్చనగానే బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్ క్యాంపస్‌ల మీద దరఖాస్తులు వచ్చిపడ్డాయి. అప్పటిదాకా మధ్యతరగతి ఇళ్లల్లో సేఫ్టీగా ఉన్న లాస్ ఏంజెలెస్ క్యాంపస్‌కు 2023లో మొదటి ఏడాది ప్రవేశాల కోసం వచ్చిన దరఖాస్తులు లక్షా 45 వేలు. హామీ చెరిగిపోలేదు. అర్హత ఉండి ఎక్కడా సీటు రాని రాష్ట్రవాసికి చోటుంటే మెర్సెడ్ క్యాంపస్‌లో ఇస్తామంటారు. కమ్యూనిటీ కాలేజీ నుంచి నిర్ణీత మార్కులతో వచ్చేవారికి ఆరు క్యాంపస్‌లు ముందే రాతపూర్వకంగా సీటు హామీ ఇస్తాయి. ఆ ఆరింట్లో బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియేగో లేవు.

నా దృష్టిలో ఈ మొత్తం కథలో గమనించాల్సింది ఇదే. శాతాలు చూసి ఊహించుకునే సేఫ్టీ ఒకటి, నిబంధనగా రాసిపెట్టిన సేఫ్టీ ఒకటి. మొదటిది ఏటేటా కరుగుతోంది. కాలేజీ మొత్తం మీద సగం మందికి సీటిస్తుందని చూసి సేఫ్టీ వరసలో వేస్తారు. అబ్బాయి పెట్టేది కంప్యూటర్ సైన్స్‌కు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం అర్బానా-షాంపేన్‌నే తీసుకోండి. మొత్తం దరఖాస్తుదారుల్లో 40 శాతానికి పైగా సీటొచ్చిన ఏడాది కూడా కంప్యూటర్ సైన్స్‌లో పది శాతం లోపే. చరిత్ర చదువుతానన్న అమ్మాయికి అది టార్గెట్, మన అబ్బాయికి రీచ్. మనవాళ్ల జాబితాల్లో ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే.

పైగా ‘మరీ ఎక్కువ అర్హత ఉంటే కాదంటారు’ అన్న అనుమానం ఒకటి. వీడు ఎలాగూ రాడు, వీడికి సీటిచ్చి యీల్డ్ ఎందుకు పాడుచేసుకోవాలని కాలేజీ అనుకుంటుందట. దీనికి టఫ్ట్స్ సిండ్రోమ్ అని ఒక యూనివర్సిటీ పేరు మీద బిరుదు కూడా తగిలించారు. ఆ పని చేస్తున్నామని ఏ కాలేజీ ఒప్పుకోదు. కానీ క్యాంపస్ చూడ్డానికి వచ్చాడా, ఈమెయిల్ తెరిచాడా అని ‘ఆసక్తి’ని లెక్కగట్టే కాలేజీలు ఉన్న మాట వాస్తవం. పచ్చ గడుల్లో ఏమీ రాయని కుర్రాడికి ఇది చెబితే మొదటిసారి కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

పది శాతం అవకాశమున్న కాలేజీలు పది పెడితే ఏదో ఒకటి తగలదా అని ఇంకో లెక్క. కాగితం మీద 65 శాతం అవకాశం వస్తుంది. అది పాచికలకు వర్తించే లెక్క. ఇక్కడ పది చోట్లా చదివేది అదే ఫైలు, అవే మార్కులు, అదే వ్యాసం. ఒకచోట నచ్చనిది మిగతా తొమ్మిది చోట్లా నచ్చకపోవచ్చు.

రాసిపెట్టిన సేఫ్టీకి టెక్సస్ మంచి ఉదాహరణ. కులం, జాతి చూడకుండా అన్ని స్కూళ్లకూ అవకాశం ఇవ్వాలని 1997లో చట్టం చేశారు. ఏ హైస్కూల్లోనైనా పైనున్న 10 శాతం పిల్లలకు రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో సీటు ఖాయం. కొన్నాళ్లకు ఆస్టిన్ క్యాంపస్ ఆ ఒక్క దారిలోనే నిండిపోయింది. 2009లో చట్టం సవరించి ఆ క్యాంపస్‌కు మినహాయింపు ఇచ్చారు. గీత పైకి జరుగుతూ 6 శాతానికి చేరింది. 2026 శరదృతువులో చేరేవారికి 5 శాతం. పిల్లలంతా గట్టిగా చదివే స్కూల్లో ఆ 5కీ 6కీ మధ్య తేడా వచ్చేది గ్రేడుల్లో మూడో దశాంశ స్థానంలో. పైగా చట్టం ఇచ్చేది యూనివర్సిటీలో సీటు. కోరిన మేజర్‌లో, అంటే కోరిన ప్రధాన సబ్జెక్టులో, అని ఎక్కడా లేదు.

డబ్బు సంగతి చాలాకాలం ఈ మాటల్లోకే రాలేదు. సీటొస్తే సేఫ్టీ అన్నారు గానీ, కట్టగలమా అన్న ప్రశ్న విడిగా ఉండేది. 2008 నాటి ఉన్నత విద్యా చట్టం ప్రకారం 2011 నుంచి ప్రతి కాలేజీ తన సైట్లో సాయం పోగా మిగిలే నికర ఖర్చు లెక్కగట్టే క్యాలిక్యులేటర్ పెట్టాల్సి వచ్చింది. ఫైనాన్షియల్ సేఫ్టీ అన్న మాటకు అప్పుడు కొంచెం అర్థం వచ్చింది. 2024లో అదీ తలకిందులైంది. ఫెడరల్ సాయానికి పెట్టే ఫాఫ్సా ఫారం కొత్తది 2023 డిసెంబర్ చివరిదాకా రాలేదు, వచ్చాకా తప్పులే. ఎంత సాయం వస్తుందో తెలియక, ఎక్కడ చేరేదీ మే 1కల్లా చెప్పాలన్న పాత గడువును చాలా కాలేజీలు వెనక్కి జరిపాయి. హెచ్4 వీసా మీదున్న మన పిల్లలకు ఫెడరల్ సాయం ఎటూ లేదు. వాళ్ల సేఫ్టీ రాష్ట్రవాసులకు ఉండే తక్కువ ఫీజుకు అర్హత ఉందా లేదా అన్న చోటే మొదలవుతుంది.

మే 1 గడువుకూ ఒక చిన్న కథ ఉంది. ఆ తేదీ తర్వాత వేరే కాలేజీలో చేరతానన్న పిల్లల్ని లాగకూడదని అడ్మిషన్ల కౌన్సెలర్ల జాతీయ సంఘం నియమం పెట్టుకుంది. అది పోటీకి అడ్డమని న్యాయశాఖ పట్టుబట్టడంతో 2019లో తీసేశారు. దాంతో మే నెలలో సేఫ్టీ కాలేజీ ఫోన్ చేసి, స్కాలర్‌షిప్ పెంచుతాం వస్తావా అని అడిగేందుకు అడ్డు లేకుండా పోయింది.

ఇక అసలు దరఖాస్తే లేని సేఫ్టీ ఒకటి పుట్టుకొచ్చింది. 2015లో ఐడహో రాష్ట్రం తన హైస్కూల్ చివరి ఏడాది పిల్లలందరికీ ఉత్తరాలు పంపింది. మార్కులను బట్టి కొందరికి రాష్ట్రంలోని అన్ని ప్రభుత్వ కాలేజీల్లో, మిగతావారికి వాటిలో కొన్నింట్లో, అడగకుండానే సీటు. ఇతర రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. కామన్ అప్లికేషన్ కూడా వందకు పైగా కాలేజీలతో ఇలాంటి పద్ధతి నడుపుతోంది. ఆ ఎక్సెల్ షీటు కుర్రాడి ఇన్‌బాక్స్‌లోనూ అలాంటిదొకటి వచ్చింది. ప్రకటన అనుకుని చెత్తబుట్టలో వేశాడు. వాళ్లమ్మ వెనక్కి తీసి, షీటులో పదిహేనో గడి కలిపి, దానికి పచ్చరంగు పూసి, పక్కన ఫీజు ఎంతో రాసిపెట్టింది.