కామెన్ రైడర్ క్రాస్‌ఓవర్ సినిమాలు: 2009 నుంచి తెగని వాదన

టోక్యో ఒలింపిక్స్ ప్రారంభోత్సవానికి సరిగ్గా ఒక రోజు ముందు, 2021 జులై 22న, జపాన్ టీవీ ధారావాహికల్లో ముసుగు వేసి పోరాడే కామెన్ రైడర్ వీరులూ, రంగురంగుల సూటుల్లో జట్టుగా పోరాడే సూపర్ సెంటాయ్ దళాలూ కలిసి కనిపించే ‘సేబర్ + జెన్‌కాయిజర్: సూపర్ హీరో సెంకి’ జపాన్ థియేటర్లలో విడుదలైంది. కామెన్ రైడర్ యాభై ఏళ్లు పూర్తి చేసుకున్న సందర్భమూ, సెంటాయ్ వరసలో నలభై అయిదో ధారావాహిక నడుస్తున్న సందర్భమూ కలిసి రావడంతో నిర్మాణ సంస్థ తోయే ఈ సినిమాను ఉత్సవంగా ప్రకటించింది. ప్రచారం మొదలైనప్పటి నుంచి అభిమానుల మధ్య పాత వాదన మళ్లీ రాజుకుంది. తెరనిండా కనిపించే పాత వీరులలో ఎందరు తమ అసలు నటులతో, కనీసం అసలు గొంతుతో వస్తారు, ఎందరు మాటా పలుకూ లేని వేషాలుగా మాత్రమే మిగులుతారు అన్నదే ఆ వాదన.

కామెన్ రైడర్ ఎలా పుట్టింది, దాన్ని సృష్టించిన షోతారో ఇషినోమోరి ఎవరు అన్నది ఈ కథనం చదివేవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. సెంటాయ్ సంగతి సరేసరి, అది మన దగ్గర పవర్ రేంజర్స్ రూపంలో ఒక తరానికి బాల్య జ్ఞాపకం. ఆ వివాదాన్ని అర్థం చేసుకోవడానికి తొలి రైడర్ వచ్చిన 1971కి కాక 2009కి వెళ్లాలి.

ఆ ఏడాది జనవరి 25న ‘కామెన్ రైడర్ డికేడ్’ ప్రసారం మొదలైంది. 2000లో వచ్చిన కూగా నుంచి అప్పటివరకు నడిచిన తొమ్మిది మంది హెయిసెయ్ (జపాన్‌లో 1989లో మొదలైన యుగం) రైడర్ల లోకాలను, డికేడ్ అనే రైడర్‌గా మారే సుకాసా కాడోయా అనే యువకుడు ఒక్కొక్కటిగా చుట్టివచ్చే కథ ఇది. అతని చేతిలో కార్డులుంటాయి. ఒక కార్డు తన బెల్టులో వేస్తే అతనే కూగా అవుతాడు, ఇంకొకటి వేస్తే ఫైజ్ అవుతాడు. అంతటితో ఆగలేదు. మరో కార్డుతో పక్కనున్న రైడర్‌నే ఆయుధంగానో వాహనంగానో మార్చివేయగలడు. కివా విల్లుగా మారుతాడు, బ్లేడ్ పెద్ద కత్తిగా మారుతాడు. బొమ్మల అమ్మకానికి ఇంతకన్నా తెలివైన ఆలోచన ఉండదు. ఒక ఏడాదిపాటు ప్రేక్షకుడు వెంట నడిచిన మనిషిని మరొకరి చేతిలో పనిముట్టుగా చూపించవచ్చని మాత్రం ఆ ధారావాహికే మొదటిసారి నిర్మాతలకు నేర్పింది.

పైగా డికేడ్ వెళ్లిన లోకాలు మనకు తెలిసిన లోకాలు కావు, వాటికి ప్రతిరూపాలు. కూగా లోకంలో జో ఒదగిరి పోషించిన యూసుకే గొదాయ్ ఉండడు. ఆ స్థానంలో ర్యోతా మురాయ్ పోషించిన యూసుకే ఒనోదెరా ఉంటాడు. అసలు నటులు పూర్తిగా రాలేదని చెప్పడం అన్యాయమవుతుంది. బ్లాక్ అనే పాత రైడర్ పాత్రధారి తెత్సువో కురాతా వచ్చారు, హిబికి లోకంలో తోదోరోకిగా షింగో కవగుచి వచ్చారు. అయితే వాళ్లు వచ్చిన భాగాలు మినహాయింపులుగానే మిగిలాయి. సాధారణ సూత్రం వేరు: ముసుగు ఉంటే చాలు, దాని వెనుక మనిషి ఎవరైనా ఫర్వాలేదు.

ఆగస్టు 8న ‘ఆల్ రైడర్స్ వర్సెస్ డై-షాకర్’ విడుదలైంది. అందులో రైడర్లంతా ఒకరితో ఒకరు పోటీపడి వరసగా ఓడిపోతూ పోతారు. ఓడిపోయే ఆ వీరులలో చాలామందికి ముఖం లేదు, పేరుపెట్టి పిలిచే స్నేహితుడు లేడు, ఎందుకు పోరాడుతున్నాడో చెప్పే ఒక్క మాట లేదు. అదే సినిమాలో రైడర్‌మ్యాన్ జోజి యూకిగా గాయకుడు గాక్ట్ కాసేపు కనిపించినప్పుడు ఎవరూ పెద్దగా ఆక్షేపించలేదని గుర్తుంచుకోవాలి. అసలు నటుడు తకెహిసా యమగుచి చనిపోయి అప్పటికి రెండు దశాబ్దాలు దాటింది, పాత్రకు ఒక మనిషిని ఇచ్చారు, అది అర్థమయ్యే పని. అభిమానుల అభ్యంతరం నటుడు మారడం మీద కాదు. మనిషే లేకుండా పోవడం మీద.

ఆగస్టు 30న డికేడ్ 31వ భాగంతో ముగిసింది, లేదా ముగియలేదు. డియెండ్ అనే మరో రైడర్ తుపాకి డికేడ్ వైపు గురిపెట్టి పేల్చిన క్షణంలో కథను ఆపేసి, మిగతాది డిసెంబరులో వచ్చే సినిమాలో చూడమన్నారు. ఆదివారం ఉదయం పిల్లలతో కలిసి చూస్తున్న తల్లిదండ్రుల నుంచి, పాత అభిమానుల నుంచి తీవ్రమైన అభ్యంతరాలు వచ్చాయి. టికెట్టు కొంటేనే ముగింపు తెలిసే టీవీ కథ అది. డిసెంబరు 12న వచ్చిన ‘మూవీ వార్ 2010’ ఆ ముగింపును చెప్పింది, దానితోపాటు ప్రతి డిసెంబరులోనూ పాత రైడర్, కొత్త రైడర్ కలిసే సినిమా రావాలన్న ఆనవాయితీనీ స్థిరపరిచింది. రైడర్ ధారావాహిక మొదలయ్యే నెలను జనవరి నుంచి సెప్టెంబరుకు జరపడం వల్లే ఇది సాధ్యమైంది; సెంటాయ్‌కూ రైడర్‌కూ ఒకేసారి మార్పు జరగకూడదన్న వ్యాపార లెక్క కోసమే డికేడ్‌ను 31 భాగాలకు కుదించారు. సెంటాయ్ దళం షింకెంజర్ అతిథులుగా వచ్చిన రెండు భాగాలు కూడా డికేడ్‌లోనివే, అంటే రైడర్-సెంటాయ్ కలయికకు టీవీలో తొలి పునాది కూడా అక్కడే పడింది. 2021 జులైలో వచ్చిన సినిమా వంశవృక్షం గీస్తే దాని వేరు 2009లో కనిపిస్తుంది.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్లడం అవసరం, ఎందుకంటే ముసుగు చాలు అన్న సూత్రం ఈ వరసకు పుట్టుకతో వచ్చింది కాదు. 1971లో తొలి ధారావాహిక చిత్రీకరణ మొదట్లోనే కథానాయకుడు తకేషి హోంగో పాత్రధారి హిరోషి ఫుజియోకా మోటార్‌సైకిల్ ప్రమాదంలో కాలు విరగ్గొట్టుకుని మంచాన పడ్డారు. ముసుగు వేసుకునే వీరుడే కాబట్టి, వేరే ఎవరినో ఆ సూటులో నిలబెట్టి కథను ఏడాది పొడవునా నడిపించవచ్చు. కొన్ని భాగాలు పాత దృశ్యాలతో, వేరే గొంతుతో నెట్టుకొచ్చారు కూడా. కానీ ఆ తర్వాత చేసిన పని వేరు. తకేషి హోంగో శత్రువులను వెంటాడుతూ విదేశాలకు వెళ్లాడని చెప్పి, తకేషి ససాకి పోషించిన హయాతో ఇచిమోంజిని రెండో రైడర్‌గా తీసుకొచ్చారు. ఒక నటుడు రాలేని స్థితిలో అతని పాత్రను అతనికే అట్టిపెట్టి, మరో మనిషికి మరో పేరు, మరో కథ ఇచ్చారు. ఫుజియోకా కోలుకుని తిరిగి వచ్చాక ఇద్దరు రైడర్లు ఒకే చట్రంలో నిలబడిన దృశ్యం నుంచే రైడర్ల కలయిక అన్న ఆనందం పుట్టింది. అంటే తొలి క్రాస్‌ఓవర్, నటుణ్ని గౌరవించిన నిర్ణయం నుంచి వచ్చింది. దీన్ని గుర్తుచేసే అభిమానులను ఛాందసులని కొట్టిపారేయడం సబబు కాదు.

కార్డులూ తాళంచెవులూ పట్టుకుని పాత వీరులుగా మారే కథలన్నీ ఒకేలా ఉండాలన్న నియమమూ లేదు. 2011లో వచ్చిన ‘గోకాయిజర్’ అందుకు సాక్ష్యం. ముప్పై అయిదో సెంటాయ్ అయిన ఆ సముద్రపు దొంగల దగ్గర అంతకుముందు వచ్చిన 34 దళాల తాళంచెవులుంటాయి, వాటితో వాళ్లు ఏ దళంగానైనా మారగలరు. డికేడ్ చేసిన పనికీ దీనికీ పైకి తేడా లేదు. కానీ రచయిత నరుహిసా అరకావా పెట్టిన షరతు ఒకటుంది: తాళంచెవి చేతిలో ఉన్నంత మాత్రాన ఆ దళపు మహాశక్తి రాదు, దాన్ని ఆ దళానికి చెందిన మనిషి మనస్ఫూర్తిగా అప్పగించాలి. అందుకే వారం వారం పాత నటులు వచ్చారు. డెకారేంజర్ బాన్‌గా ర్యూజి సాయినెయ్, మాజిరేంజర్ కాయ్‌గా అత్సుషి హషిమోతో, అన్నిటికన్నా మిన్నగా జెట్‌మ్యాన్ గాయ్ యూకిగా తొషిహిదే వకమత్సు. ఎన్నడో చనిపోయిన పాత్రగా వకమత్సు తిరిగివచ్చిన ఆ ఇరవై ఎనిమిదో భాగం చూసినవారు, అసలు నటుడు రావడం వల్ల ఏమి ఒరుగుతుందని ఇక అడగరు. నెరిసిన వయసు, మారిన ముఖం, గడిచిన ఏళ్లు అన్నీ కథలో భాగమవుతాయి. సూటుకు వయసు రాదు, కనుక అది మోయగలిగిన కథ కూడా తక్కువే.

ఆ పాఠం ఆ వెంటనే మరుగున పడింది. 2012 ఏప్రిల్ 21న వచ్చిన ‘సూపర్ హీరో తాయ్‌సెన్’ రైడర్లనూ సెంటాయ్‌లనూ పరస్పరం శత్రువులుగా నిలబెట్టింది. డికేడ్ ఒక సేనకు నాయకుడు, గోకాయిజర్ దళపతి మార్వెలస్ ఇంకో సేనకు నాయకుడు. ఇద్దరూ ఒకరి పక్షం వీరులను ఒకరు వేటాడతారు. దాని వెనుక వేరే పథకముందని చివర్లో తెలుస్తుంది, కానీ అప్పటికి వందల భాగాల చరిత్ర ఉన్న వీరులు క్షణాల్లో నేలకూలి మాయమైపోతారు. 2013లో అంతరిక్ష పోలీసులను చేర్చారు, 2015లో మూడో నంబరు రైడర్ అంటూ కొత్త కల్పన చేశారు, 2017 మార్చి 25న ‘అల్ట్రా సూపర్ హీరో తాయ్‌సెన్’తో ఆ వసంతకాలపు వరస ఆగిపోయింది. వీటి గురించి విడివిడిగా చెప్పాల్సినంత లేదు.

ఒక్క 2014 సినిమా మాత్రం ఆగి చూడదగ్గది. షోవా (హెయిసెయ్‌కు ముందటి యుగం) రైడర్లకూ హెయిసెయ్ రైడర్లకూ మధ్య యుద్ధంగా ప్రచారం చేసి, ఎవరు గెలవాలో ప్రేక్షకుల ఓటుకు వదిలిన సినిమా అది. ఆ పందెం సంగతి ఈనాడు ఎవరికీ పట్టదు. అందరికీ గుర్తున్నది ఫైజ్ తకుమి ఇనుయిగా కెంతో హందా, వైద్యుడిగా బతుకుతున్న, ‘ఎక్స్’ అనే పేరున్న రైడర్ కెయ్‌సుకే జిన్‌గా ర్యో హయామి నటించిన భాగాలే. గందరగోళపు సినిమాలో కూడా నిలిచినవి మనుషుల సన్నివేశాలే అని చెప్పడానికి దీనికన్నా మంచి రుజువు దొరకదు.

మలుపు 2016 డిసెంబరు 10న, శీతాకాలపు సినిమాల్లో వచ్చింది. ‘హెయిసెయ్ జెనరేషన్స్’ అన్న పేరుతో దర్శకుడు కోయిచి సకమోతో తీసిన ఆ చిత్రం రైడర్ల సంఖ్యను బాగా తగ్గించింది. మరుసటి ఏడాది ‘ఫైనల్’లో ఫోర్జ్‌గా సోతా ఫుకుషి, గైమ్‌గా గాకు సానో, ఘోస్ట్‌గా షున్ నిషిమే, ఓజ్ జంటగా షూ వతనబే, ర్యోసుకే మియూరా వచ్చారు. ఓజ్ ముగింపులో విడిపోయిన ఎయిజీ, అంక్‌లు మళ్లీ కలుసుకున్న ఆ కాసిన్ని నిమిషాల కోసమే సినిమాకు వెళ్లినవారున్నారు. 2018 డిసెంబరు 22న వచ్చిన ‘ఫరెవర్’ ఇంకా ముందుకెళ్లింది. రైడర్లు టీవీలోని కల్పిత పాత్రలు మాత్రమే అయిన లోకంలో, వాళ్లను ప్రేమించి గుర్తుంచుకున్నవారి వల్లే వాళ్లు నిజమవుతారన్నది ఆ కథ. అందులో డెన్-ఓ ర్యోతారో నొగామిగా తకేరు సతో ప్రత్యక్షమయ్యారు. అప్పటికి ఆయన జపాన్ అగ్రనటులలో ఒకరు, ఈ పాత్రకు దూరమై ఏళ్లు గడిచాయి, ప్రచార చిత్రాల్లో ఆయన పేరే లేదు. ఈ వర్గపు సినిమా ఏ స్థాయికి చేరగలదో ఆ సన్నివేశం చూపించింది, అందుకే అంతకన్నా తక్కువకు ఒప్పుకోవడం ఇప్పుడు కష్టంగా ఉంది.

సంస్థ వాదనలో నిజం లేకపోలేదు. పాత నటులలో పలువురు ఈనాడు తీరికలేని తారలు, కొందరు నటన మానేశారు, కొందరు మరణించారు. ముఖ్య ప్రేక్షకులు చిన్నపిల్లలు, వాళ్లకు కూగా సూటు కనిపిస్తే చాలు, లోపల ఒదగిరి ఉన్నారా లేదా అన్నది వాళ్లకు పట్టదు. పైగా మహమ్మారి వల్ల చిత్రీకరణలన్నీ తలకిందులయ్యాయి. వేసవిలో రావలసిన ‘జీరో-వన్’ రైడర్ సినిమా 2020 డిసెంబరు 18న విడుదలై, ఏటా వచ్చే కలయిక చిత్రానికి చోటే లేకుండా పోయింది. ఇవన్నీ ఒప్పుకోవలసినవే. కానీ రాలేని నటుడి లోటును కథతో పూడ్చడం తోయేకు తెలియని విద్య కాదు. 2009 మే నెలలో వచ్చిన డెన్-ఓ సినిమాలో ర్యోతారో చిన్నపిల్లవాడిగా మారిపోయాడని చెప్పి, తకుయా మిజోగుచి అనే బాలనటుడి చేత ఆ పాత్ర వేయించారు. పాత్ర నిలిచింది, ఎవరికీ అవమానం జరగలేదు.

2021 సినిమా మీద విడుదలకు ముందున్న ఆశకూ భయానికీ రెండింటికీ కారణాలు ఇందులోనే ఉన్నాయి. అప్పటి రైడర్ ధారావాహిక ‘సేబర్’ కథానాయకుడు తోమా కమియామా నవలా రచయిత, అతని శక్తులన్నీ పుస్తకాల నుంచి వస్తాయి; యాభై ఏళ్ల కథలను ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు అన్న ప్రశ్నను ఇలాంటి వీరుడు కాక ఇంకెవరు అడగగలరు? దర్శకుడు ర్యూతా తసాకి 2001 నాటి ‘అగితో’ ధారావాహిక కాలం నుంచి ఈ వరసలో పనిచేస్తున్నవారు, మనుషుల సన్నివేశానికి సమయం ఇవ్వడం తెలిసినవారు. అప్పటి సెంటాయ్ దళం జెన్‌కాయిజర్ దగ్గర మాత్రం 44 పాత దళాల శక్తులు గేర్లలో బంధించి ఉన్నాయి. ఆ ధారావాహిక నిర్మాత షినిచిరో షిరకురా, డికేడ్‌కూ ఆయనే నిర్మాత. ఆ గేర్లు డికేడ్ కార్డుల దారి పడతాయో, గోకాయిజర్ తాళంచెవుల దారి పడతాయో అన్నదాని మీదే ఈ వాదనంతా ఆధారపడింది.

ఈ వ్యాసకర్త సహా చాలామంది అభిమానులు విడుదలకు ముందు అడిగింది పెద్ద కోరిక కాదు. రైడర్లందరినీ, సెంటాయ్‌లందరినీ వరసలో నిలబెట్టండి, ఉత్సవమన్నాక అది ఉండాల్సిందే. వాళ్లలో అయిదారుగురికైనా ముఖమూ, పేరూ, ఇద్దరు మనుషులు మాట్లాడుకునేంత సమయమూ ఇవ్వండి. నటుడు రాలేకపోతే ఆయన గొంతునైనా కొత్తగా రికార్డు చేయండి. 2011లో నలభై ఏళ్ల సందర్భంగా వచ్చిన ‘లెట్స్ గో కామెన్ రైడర్స్’ కోసం ఫుజియోకా, ససాకి, వీ3 అనే రైడర్ పాత్రధారి హిరోషి మియాఉచి స్టూడియోకు వచ్చి తమ పాత్రలకు తామే గొంతునిచ్చారు. ఫుజియోకాకు 2021 ఫిబ్రవరిలో 75 ఏళ్లు నిండాయి. అరవై ఏళ్ల ఉత్సవం వరకూ ఆగమని ఆయనను అడిగే స్థితిలో తోయే లేదు.