స్నానపు నీటికి రెండో పని

హైదరాబాద్ నల్లాల్లో వచ్చే నీటిలో అధిక భాగం కృష్ణా, గోదావరి నదుల నుంచి వంద కిలోమీటర్లకు పైగా పంపులతో తోడి, శుద్ధిచేసి తెచ్చినది. అంత విద్యుత్తు ఖర్చుపెట్టి తాగడానికి అనువుగా మార్చిన నీటినే మనం మరుగుదొడ్లలో పోస్తున్నాం. భారతీయ ప్రమాణాల లెక్కలో నగరవాసికి రోజుకు 135 లీటర్లు కావాలి; అందులో స్నానానికి 55, బట్టలుతకడానికి 20, మరుగుదొడ్డికి 30 లీటర్లు పోతాయి, తాగడానికీ వంటకూ కలిపి పట్టేది 10 లీటర్లే. ఆ లెక్కన నలుగురున్న ఇంట్లో స్నానాలు, ఉతుకుల నుంచి 300 లీటర్లు వెలువడతాయి. మరుగుదొడ్డికి కావలసింది 120 లీటర్లు; అక్కడ ఈ వాడిన నీరే పోస్తే సరిపోగా ఇంకా మిగులుతుంది.

ఈ స్నానాల, ఉతుకుల నీటిని మళ్లీ వాడడానికి మొదటి షరతు, ఏ రోజు నీటిని ఆ రోజే వాడేయడం. తేటగా కనిపించినా అందులో చర్మపు పొట్టు, నూనె, సబ్బు, ఒంటి మీది సూక్ష్మజీవులు ఉంటాయి. డ్రమ్ములో నిల్వ ఉంచితే బ్యాక్టీరియా వాటిని తింటూ పెరిగి నీటిలోని ఆక్సిజన్‌ను హరిస్తుంది; ఆపైన ఆక్సిజన్ అక్కరలేని జీవులు హైడ్రోజన్ సల్ఫైడ్‌ను విడుదల చేయడంతో కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. వంటగది నీటిలో జిడ్డు, మెతుకులు ఎక్కువ కనుక దాన్ని కలపకపోవడం మంచిది.

పల్లెల్లో స్నానాల నీరు పెరటి అరటికో కొబ్బరికో పారడం తరతరాల అలవాటే. అయితే కుంకుడు రసం, సున్నిపిండి కలిసిన నీరు వేరు, నేటి డిటర్జెంటు నీరు వేరు. బట్టల పొడిలో సోడియం లవణాలు దండిగా ఉంటాయి. మట్టిలోని బంక రేణువులను గుత్తులుగా పట్టి ఉంచేది ముఖ్యంగా కాల్షియం. సోడియం పదేపదే వచ్చి చేరి దాని స్థానాన్ని ఆక్రమిస్తే గుత్తులు విడిపోయి, సందులు పూడుకుపోయి, పోసిన నీరు ఇంకకుండా నిలుస్తుంది. నల్లరేగడిలో ఈ చేటు త్వరగా బయటపడుతుంది. క్షారగుణం పెరిగిన మట్టిలో ఇనుము ఉన్నా వేళ్లకు అందక, లేత ఆకులు ఈనెలు మినహా పసుపుబారతాయి. తోట పాడైతే చాలామంది వాడిన నీటినే నిందిస్తారు గానీ, నా దృష్టిలో తప్పు సబ్బు ఎంపికలో ఉంది. సోడియం తక్కువగా ఉండే ద్రవ డిటర్జెంటు వాడి, మొదటి ఉతుకు నీటిని వదిలేసి, జాడించిన నీటినే మొక్కలకు మళ్లిస్తూ, నడుమ మామూలు నీరు పెడితే నేల నిలబడుతుంది. అవసరమైతే పాదులో కాల్షియం ఉండే జిప్సం చల్లవచ్చు. పచ్చిగా తినే కొత్తిమీర, ముల్లంగి వంటివాటికి మాత్రం ఈ నీరు పెట్టరాదు.

స్థలమున్నవారు తొట్టిలో కంకర నింపి, మెట్టతామర నాటి, నీటిని కంకర లోపలి నుంచే పారించవచ్చు. రాళ్లకంటిన సూక్ష్మజీవుల పొర మలినాలను జీర్ణించుకుంటుంది. నీరు పైకి తేలదు కనుక దోమలు గుడ్లు పెట్టలేవు. సోడియం ఇక్కడ కూడా తొలగదు, కాబట్టి సబ్బు విషయంలో జాగ్రత్త తప్పదు.

అపార్ట్‌మెంట్లలో చిక్కంతా గొట్టాలదే. కట్టేటప్పుడే స్నానాల గదికి, మరుగుదొడ్డికి వేర్వేరు గొట్టాలు వేయడం సులువు; తర్వాత గోడలు పగలగొట్టాలి. మళ్లీ వాడే నీటి గొట్టానికి వేరే రంగు వేసి, తాగునీటి గొట్టంతో ఎక్కడా కలవకుండా చూడాలి. పసిపిల్లల మలం అంటిన గుడ్డలు ఉతికిన రోజున ఆ నీటిని నేరుగా మురుగు కాలువకు మళ్లించడానికి ఒక వాల్వు కూడా అమర్చుకోవాలి.