అమెరికా పెద్ద రాగి సెంట్లు: అపోహలు – వాస్తవాలు

ఫిలడెల్ఫియా టంకశాల 1793 నుంచి 1857 వరకు కొట్టిన లార్జ్ సెంట్ల గురించి ఇది. వెండి, బంగారం తట్టుకునే అపచారాలు రాగి తట్టుకోదు. దీని ధరంతా పైపొరలోనే ఉంది.

అపోహ: తోమి మెరిపిస్తే ధర పలుకుతుంది.
రాగిచెంబును చింతపండుతో తోమినట్టు సెంటును తోమితే దాని పని అయిపోయినట్టే. రెండు శతాబ్దాలుగా పట్టిన గోధుమరంగు పొరను పులుపు కరిగించేస్తుంది. కింద బయటపడే గులాబీ ఛాయ టంకశాల ఇచ్చిన ఎరుపు కాదు, దాన్ని కొనేవాడు చూడగానే పసిగడతాడు. జిడ్డు, మట్టి మాత్రమే తీయాలనుకుంటే జైలీన్ అనే ద్రావకం చాలు. గాజు గిన్నెలో, గాలి ఆడేచోట, మంటకు దూరంగా కొన్ని గంటలు నాననిచ్చి, ఆరాక ఒంటె వెంట్రుకల మెత్తటి బ్రష్షుతో తుడవండి. పచ్చ చిలుమును మెత్తబడ్డాక కొయ్య టూత్‌పిక్‌తో, భూతద్దం కింద, కొంచెం కొంచెంగా కదపాలి. చిలుము కింద గుంట కనిపించిందా, అక్కడితో ఆపేయండి. లోహాన్ని అది తినేసింది, ఇక మీరు గీకితే గీత కూడా తోడవుతుంది.

అపోహ: పగులు, గరుకు ఉంటే పాడైన నాణెమే.
తొలి ఏళ్లలో పాత రాగి సామాను కూడా కరిగించి అచ్చు వేయాల్సిన ఖాళీ బిళ్లలు చేశారు. అందుకే పగుళ్లు అచ్చు పడకముందే వచ్చి ఉండొచ్చు. అవి తుప్పు గుంటలతో సమానం కావు. 1790ల చివరి నుంచి ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నుంచి మాథ్యూ బౌల్టన్ అనే తయారీదారు పంపిన నున్నటి బిళ్లలతో ఈ గొడవ బాగా తగ్గింది. (మన ఉత్తర సర్కారుల కోసం 1794, 1797 తేదీలతో, ‘రూపాయికి 48’ అని రాసిన రాగి నాణేలు కొట్టిందీ ఆ బౌల్టన్ సోహో టంకశాలే.)

అపోహ: బరువు సరిపోయింది, కాబట్టి అసలుదే.
సెంటు అసలు బరువు 1795 చివరి దాకా 208 గ్రెయిన్లు (పాత తూకం కొలత), అంటే 13.48 గ్రాములు. తర్వాత 168 గ్రెయిన్లు, 10.89 గ్రాములు. 1795 తేదీతో రెండూ దొరుకుతాయి: అంచు మీద ‘వన్ హండ్రెడ్ ఫర్ ఎ డాలర్’ అని అక్షరాలుంటే బరువుది, నున్నగా ఉంటే తేలికది. అంకె తేడా వస్తే అనుమానించండి, సరిపోయినంత మాత్రాన నమ్మకండి. రెండు రాగి రేకుల మధ్య సీసం నింపిన పాత ఎలక్ట్రోటైపులకు (విద్యుత్తుతో రాగి పూత పట్టించి చేసిన నకళ్లు) అంచు చుట్టూ అతుకు గీత ఉంటుంది. పోతపోసిన నకిలీకి అక్షరాల పక్కన సూదిమొనంత బుడగలు కనిపిస్తాయి.

అపోహ: 1799, 1804 అని తేదీ ఉంటే జాక్‌పాటే.
1798లోని చివరి 8ని చెక్కి 9 చేసినవి బోలెడు. పదిరెట్ల భూతద్దంలో, వెలుతురు పక్క నుంచి పడేలా చూస్తే ఆ అంకె చుట్టూ గీకిన నేల తెలుస్తుంది. 1804కు ఇంకో తేలిక పరీక్ష ఉంది. అసలు నాణెంలో తేదీలోని సున్నాకు సరిగ్గా వెనకాల, బొరుసు మీద ‘ఆఫ్’ అన్న మాటలోని ‘ఓ’ వస్తుంది. రాకపోతే మాట్లాడాల్సిన పని లేదు. 1815 తేదీతో ఎవరైనా తెస్తే మర్యాదగా వెనక్కిచ్చేయండి, ఆ తేదీతో సెంట్లు కొట్టనే లేదు.

అపోహ: ఒకే ఏడాది సెంట్లన్నీ ఒకటే.
1794వి చూడండి. అచ్చు చేతితో చెక్కేవారు కాబట్టి రకాలు పదులకొద్దీ ఉన్నాయి. వాటిలో షెల్డన్ అనే ఆయన రకాల జాబితాలో 48వ నంబరుదానికి బొరుసు అంచు పొడవునా, పళ్లలాంటి గాట్ల మధ్య 94 చిన్న నక్షత్రాలుంటాయి. బాగా అరిగినా అడిగేవాళ్లుంటారు. 1850ల మామూలు సెంటు మాత్రం, వయసుతో పనిలేకుండా, చవకే.

అపోహ: గ్రేడింగు సంస్థ నాణేన్ని డబ్బాలో సీలు చేసి ఇచ్చిన గ్రేడే (స్థితిని చెప్పే అంకె) చివరి మాట.
రాగి నాణేల వాళ్లు ముందు బొమ్మ ఎంత స్పష్టంగా ఉందో గ్రేడు కడతారు. ఆ పైన తుప్పు, దెబ్బలు, గీతలకు తగ్గిస్తారు. వీఎఫ్-30 (‘వెరీ ఫైన్’) స్పష్టత ఉన్నది గరుకు వల్ల దాని కింది మెట్టయిన ఎఫ్-12కి (‘ఫైన్’) దిగిపోవచ్చు. ధర ఆ తగ్గించిన అంకె మీదే నడుస్తుంది.