ఎంఎస్‌డబ్ల్యూ చదివితే ఏం ఉద్యోగం వస్తుంది?

ఎంఎస్‌డబ్ల్యూలో, అంటే మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్‌లో చేరతానని ఇంట్లో చెప్పగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇదే. సేవ చేయడానికి పీజీ దేనికని ఇంకొకరు అంటారు. అడిగేవాళ్లను తప్పుపట్టలేం. మన దేశంలో ఈ చదువును ఇన్నాళ్లూ అటూ ఇటూ తిప్పింది ఉద్యోగాలే.

కథ బొంబాయి నాగ్‌పాడాలో మొదలవుతుంది. 1920ల్లో అక్కడ కూలీల పేటల మధ్య, అమెరికా నుంచి వచ్చిన క్లిఫర్డ్ మాన్షార్ట్ అనే మిషనరీ ‘నైబర్‌హుడ్ హౌస్’ నడిపేవారు. పేటలో పనిచేయాలంటే జాలి ఒక్కటే చాలదని, మనుషుల్నీ వాళ్ల పరిస్థితుల్నీ పద్ధతిగా చదివినవాళ్లు కావాలని ఆయనకు అర్థమైంది. అలా 1936లో, దొరాబ్జీ టాటా పేరిట ఉన్న ట్రస్టు డబ్బుతో, సోషల్ వర్క్ కోసం ఒక గ్రాడ్యుయేట్ స్కూలు ప్రారంభమైంది. 1944లో దాని పేరు టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌గా మారింది. మనం ‘టిస్’ అంటున్నది దాన్నే. 1964లో డీమ్డ్ యూనివర్సిటీ అయింది.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. అంతకు పాతికేళ్ల ముందే దొరాబ్జీ తమ్ముడు సర్ రతన్ టాటా ఇలాంటి చదువు కోసమే లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు డబ్బిచ్చారు. 1912లో అక్కడ పెట్టిన సోషల్ సైన్స్ విభాగానికి కొన్నాళ్లు ఆయన పేరే ఉండేది. ఇంగ్లండ్‌లో పేదరికం మీద జరిగిన తొలి యూనివర్సిటీ పరిశోధనల్లో కొన్నింటికి ఖర్చు పెట్టింది బొంబాయి సొమ్మన్నమాట.

దేశ విభజన సమయంలో టిస్ విద్యార్థులు, అధ్యాపకులు కురుక్షేత్ర శరణార్థి శిబిరానికి వెళ్లి పనిచేశారు. ఈ చదువు అవసరం ఏమిటో దేశానికి కళ్లకు కట్టిన సందర్భం అది. అయితే కోర్సు దారిని మలుపు తిప్పింది ఆ శిబిరం కాదు, ఆ మరుసటి ఏడాది వచ్చిన ఒక చట్టం.

1948 ఫ్యాక్టరీల చట్టంలోని 49వ సెక్షన్ ప్రకారం 500 మంది, అంతకుమించి కార్మికులున్న ప్రతి ఫ్యాక్టరీ సంక్షేమ అధికారిని పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ పోస్టుకు సోషల్ వర్క్ చదివినవాళ్లు సరిపోయారు. నెల జీతం, క్వార్టర్, హోదా ఉన్న ఉద్యోగం అది. దాంతో కోర్సుల్లో కార్మిక సంక్షేమం స్పెషలైజేషన్‌కు గిరాకీ పెరిగింది. తర్వాత దాని పేరు పర్సనల్ మేనేజ్‌మెంట్ అయింది, ఇంకా తర్వాత హెచ్‌ఆర్ అయింది. కార్మికుడి తరఫున మాట్లాడాల్సిన మనిషి మెల్లమెల్లగా యాజమాన్యం టేబుల్ వైపు వెళ్లి కూర్చున్నాడు. ఎంఎస్‌డబ్ల్యూ అంటే హెచ్‌ఆర్‌కు దొడ్డిదారి అనే మాట నేటికీ వినిపిస్తోందంటే కారణం ఇదే. ఆ దారిలో వెళ్లిన పిల్లల్ని నేను తప్పుపట్టను. జీతం ఉన్న తలుపు వాళ్లకు అదొక్కటే కనిపించింది.

మరి పేటలు, ఆశ్రమాలు, ఆస్పత్రుల్లో పనిచేసేదెవరు? 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. తొలి అధ్యక్షురాలు మన రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్. స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లిచ్చి వాటి ద్వారా పని జరిపించడం బోర్డు పద్ధతిగా ఉండేది. ఊరూరా మహిళలకు, పిల్లలకు దానివల్ల మేలు జరిగింది, ఆ గొప్పతనం ఆమెదే. కానీ గ్రాంటు మీద నడిచే సంస్థలో ఉద్యోగం గ్రాంటు ఉన్నంత కాలమే. ఆ అస్థిరత ఈ రంగాన్ని ఇప్పటికీ వదల్లేదు. 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలన్నాక సీఎస్‌ఆర్ ఉద్యోగాలు వచ్చాయి. అక్కడా ప్రాజెక్టు ముగిస్తే మళ్లీ టెన్షనే.

ఇన్ని మలుపుల మధ్య ఈ చదువు ప్రాణం నిలిచింది ఫీల్డ్‌వర్క్‌లో. వారంలో రెండు రోజులు బస్తీకో, జైలుకో, ఆస్పత్రికో వెళ్లాలి. చూసింది చూసినట్టు రికార్డు రాయాలి. దాన్ని సూపర్‌వైజర్ ముందు పెట్టుకుని, అక్కడ నేను ఎందుకు అలా మాట్లాడాను, ఆమె ఎందుకు మౌనంగా ఉండిపోయింది అని ఆలోచించాలి. ఏ పాఠ్యపుస్తకం నేర్పలేని పని ఇది. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 నంబరు 1996లో టిస్ ఫీల్డ్ ప్రాజెక్టుగానే మొదలైంది. బిహార్ ప్రభుత్వం అప్పగించిన తనిఖీలో భాగంగా టిస్‌కు చెందిన ‘కోశిశ్’ బృందం అక్కడి వసతి గృహాలు తిరిగింది. ముజఫర్‌పూర్ వసతి గృహంలో బాలికల మీద సాగుతున్న అత్యాచారాలు 2018లో లోకానికి తెలిసింది ఆ బృందం నివేదిక వల్లే. భయపడుతున్న పిల్లల దగ్గర ఓపిగ్గా కూర్చుని, వాళ్లు చెప్పేదాకా ఆగడం తెలిసినవాళ్లు చేసిన పని అది. సేవకు పీజీ దేనికన్నవాళ్లకు నేను చూపించేది ఈ నివేదికనే.

అయినా లాయరుకు బార్ కౌన్సిల్, నర్సుకు నర్సింగ్ కౌన్సిల్ ఉన్నట్టు సోషల్ వర్కర్లకంటూ ఒక జాతీయ కౌన్సిల్ లేదు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం మెడికల్, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లను తన పరిధిలోకి తీసుకుంది. ఆస్పత్రి గోడ దాటి బస్తీలో, జైల్లో, బాలల వసతి గృహంలో పనిచేసేవాళ్లకు ఆ మాత్రం గుర్తింపూ లేదు. జిల్లా బాలల సంరక్షణ విభాగాల్లో ఈ చదువు చదివి పనిచేస్తున్నవాళ్లలో ఎక్కువమంది ఇప్పటికీ కాంట్రాక్టు ఉద్యోగులే.