లంబాడీ కుట్టు: తిరిగే జనం పనికి ఊరి పేరు

అద్దాలు, గవ్వలు, రంగు దారాలతో చేసే లంబాడీ కుట్టుపనికి ఇప్పుడు బొటిక్‌లలో మంచి గిరాకీ ఉంది. కానీ నల్గొండ జిల్లా దేవరకొండ వైపు తండాల్లో ఆ బట్టలు రోజూ కట్టేది ఎక్కువగా పెద్ద వయసు ఆడవాళ్లే. మిగతావాళ్లకు అవి తీజ్ పండక్కో, వాళ్ల గురువు సేవాలాల్ జయంతికో బయటికొచ్చే బట్టలు.

ఇది నిన్నమొన్నటి మార్పు కాదు. లంబాడీలు, అంటే బంజారాలు, సుగాలీలు, ఎడ్ల మీద సరుకు మోసిన జనం. పది పన్నెండు వేల ఎడ్లతో సాగే వాళ్ల బిడారుల గురించి 17వ శతాబ్దపు ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే రాశాడు. మొగలు సైన్యాలకూ, తర్వాత ఈస్టిండియా కంపెనీ సైన్యాలకూ ధాన్యం చేరవేసింది వీళ్లే. బతుకంతా దారిలోనే గడిచేవాళ్లకు మేడలెక్కడివి, బీరువాలెక్కడివి? ఉన్న సొమ్మూ, చేతి పనితనమూ ఒంటి మీదే. సంచులకూ, ఎడ్ల అలంకరణకూ అదే కుట్టు.

ఆడవాళ్లకు ఫేటియా అనే పావడా, వీపున తాళ్లతో కట్టుకునే కాంచళి, తల మీద టుక్రి అనే ముసుగు. అద్దం కుట్టే తీరు చూడాలి. అద్దానికి చిల్లు ఉండదు. ముందు దాని మీదుగా అడ్డంగా, నిలువుగా దారాలు బిగిస్తారు. ఆ దారాలను పట్టుకుని చుట్టూ దగ్గర దగ్గరగా కుట్టుకుంటూ వస్తే అద్దం కదలకుండా కూర్చుంటుంది. ఇదంతా అమ్మ దగ్గర చూసి నేర్చుకునేదే. వాళ్ల భాష గోర్ బోలికి సొంత లిపి లేదు కాబట్టి, తరం నుంచి తరానికి కళ్లకు కనిపించేలా అందింది ఈ కుట్టే అని నాకనిపిస్తుంది.

19వ శతాబ్దంలో రోడ్లూ రైళ్లూ వచ్చి ఎడ్ల రవాణా దెబ్బతింది. పైగా 1871లో బ్రిటిష్ వాళ్లు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. చాలా చోట్ల బంజారాలనూ ఆ జాబితాలో చేర్చారు. పేర్లు నమోదు చేయించుకోవాలి, పోలీసులకు హాజరు చెప్పుకోవాలి. దూరం నుంచే ఫలానా అని చెప్పేసే బట్టలు అలాంటి రోజుల్లో ఎంత టెన్షనో ఊహించుకోవచ్చు. స్వతంత్రం వచ్చాక, 1952లో గానీ ఆ చట్టం రద్దు కాలేదు.

ఆ తర్వాత స్థిర నివాసాలు, చదువులు, ఉద్యోగాలు. 1976 నాటి సవరణ చట్టంతో తెలంగాణ లంబాడీలు ఎస్టీలయ్యారు. అదే జనం కర్ణాటకలో ఎస్సీలు, మహారాష్ట్రలో విముక్త జాతి, అంటే ఆ నేరస్థ ముద్ర తొలగిన జాతుల విభాగం. కాలేజీకీ ఆఫీసుకీ బరువైన ఫేటియా కుదరదు. ఉతకడం కష్టం, ఎగతాళి అదనం. చీరా, చుడీదారూ వచ్చాక పాత బట్టలు పెట్టెల్లోకి, అక్కడి నుంచి బేరగాళ్ల చేతుల్లోకి వెళ్లాయి. ముక్కలుగా కోసి సంచులుగా, దిండు గలీబులుగా మార్చి టూరిస్టులకు అమ్మారు. గోవా అంజునా సంతలో ఈ సరుకు ఇప్పటికీ దొరుకుతుంది, అమ్మేది తరచూ లంబాడీ ఆడవాళ్లే.

పని బతికిన చోట్లు కూడా ఉన్నాయి. తమిళనాడు ధర్మపురి జిల్లా సిట్టిలింగి లోయలో లంబాడీ మహిళలు పోర్గై పేరుతో సంఘంగా ఏర్పడి, దాదాపు మరిచిపోయిన కుట్టును పెద్దవాళ్ల దగ్గర మళ్లీ నేర్చుకున్నారు. కర్ణాటక బళ్లారి జిల్లా సండూరులో మహిళలు చేసే లంబాణీ కుట్టుకు 2010లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. 2023లో హంపిలో జీ20 సమావేశాల సందర్భంగా 1,755 లంబాణీ వస్తువులను ప్రదర్శనకు పెట్టి గిన్నిస్ రికార్డు కూడా సాధించారు.

చిక్కు ఆ భౌగోళిక గుర్తింపులోనే ఉంది. అది జాతికి ఇచ్చేది కాదు, ప్రాంతానికి ఇచ్చేది. సండూరు పేరు సండూరు వాళ్లదే. దేవరకొండ తండాలో అదే కుట్టు కుట్టినా ఆ పేరుతో అమ్మడానికి లేదు. విడిగా దరఖాస్తు చేయాలంటే కుట్టేవాళ్ల తరఫున ఒక సంఘం ఉండాలి, ఈ పని ఈ ప్రాంతానిదేనని ఆధారాలు చూపాలి. చూపగలిగిన ఆధారం పాత ఫేటియాలే. వాటిలో చాలావాటిని బేరగాళ్లు ఎప్పుడో కొనుక్కుపోయారు.