నిర్మాణ సైట్లలో కరెంటు ట్రైనింగ్: అపోహలు - వాస్తవాలు

కన్‌స్ట్రక్షన్ కంపెనీల్లో ఇంజినీర్ల నుంచి కూలీల దాకా అందరినీ కూర్చోబెట్టి కరెంటు జాగ్రత్తలు నేర్పడం నా పని. ఏ సైట్‌కు వెళ్లినా కొన్ని మాటలు వినిపిస్తూనే ఉంటాయి. వాటిలో ప్రాణం మీదికి తెచ్చేవాటి గురించే రాస్తున్నాను.

అపోహ: ట్రైనింగ్ ఎలక్ట్రీషియన్లకు ఇస్తే చాలు.

రోజంతా కరెంటును చేత్తో పట్టుకుని పనిచేసేది ఎలక్ట్రీషియన్ కాదు. స్లాబ్ పోసేటప్పుడు తడి కాంక్రీటులో నిలబడి వైబ్రేటర్ పట్టుకునేవాడు, రాడ్ కటింగ్ మెషీన్ మీద ఉండేవాడు, గుంతలోని పంపును తాడుతో కాకుండా కేబుల్‌తోనే పైకి లాగేవాడు. కేబుల్ తోలు లేచిపోయినా, ప్లగ్ లేక సాకెట్లో వైర్లు దూర్చి అగ్గిపుల్లలతో బిగించినా ముందుగా చూసేది వీళ్లే. సూపర్‌వైజర్ కూడా అదే బ్యాచ్‌లో ఉండాలని నేను పట్టుబడతాను. "కేబుల్ మార్చండి సార్" అని కూలీ అడిగితే "ఈ స్లాబ్ అయిపోనీ" అనేది ఆయనే కాబట్టి.

అపోహ: ఎంసీబీ ఉంది కదా, షాక్ కొడితే అదే పడిపోతుంది.

అన్నిటికంటే ప్రమాదకరమైన నమ్మకం ఇది. ఎంసీబీ అంటే కరెంటు పరిమితి దాటితే దానంతటదే పడిపోయే (ఆఫ్ అయ్యే) స్విచ్. అది కాపాడేది వైరును. ఒంట్లోంచి 10 మిల్లీఆంపియర్లు పోతేనే కండరాలు బిగుసుకుపోయి చెయ్యి వదలదు. 50 నుంచి 100 మధ్య గుండె లయ తప్పి మనిషి పోవచ్చు. 100 మిల్లీఆంపియర్లంటే ఆంపియర్‌లో పదో వంతు. 16 ఆంపియర్ల ఎంసీబీ దాన్ని లెక్కే చేయదు.

మనిషిని కాపాడేది 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటుకు, తిరిగొచ్చిన కరెంటుకు తేడా అంత చేరితే, సెకనులో మూడో వంతు కూడా పట్టకుండా సప్లై తెంచేస్తుంది. మీ డీబీ (కరెంటు పంపిణీ బాక్సు) తెరిచి దాని మీది అంకె చదవండి. 300 అని ఉంటే అది అగ్ని ప్రమాదాల కోసం పెట్టింది, మనిషి కోసం కాదు.

ఇది మాటలతో ఎక్కదు. నా ట్రైనింగ్ బోర్డు మీద 15 వాట్ల బల్బును ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య కలుపుతాను. దాని గుండా పోయేది సుమారు 65 మిల్లీఆంపియర్లు. ఎంసీబీ ఒక్కటే ఉన్న వైపు బల్బు వెలుగుతూనే ఉంటుంది. ఆర్‌సీసీబీ ఉన్న వైపు ఇలా కలిపితే అలా ఆరిపోతుంది. ఆ బల్బు స్థానంలో మనిషి ఉన్నాడనుకోండి అంటాను. ఒడిశా, బిహార్, జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లకు కూడా అనువాదం లేకుండానే అర్థమవుతుంది.

అలాగని ఆర్‌సీసీబీ ఉంటే ఇక భయం లేదని కాదు. ఒక చేత్తో ఫేజ్, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే అది కాపాడలేదు. జనరేటర్ సంగతి మరీ ముఖ్యం. జనరేటర్ న్యూట్రల్‌ను ఎర్త్ చేయకపోతే, టెస్ట్ బటన్ నొక్కినప్పుడు ఆర్‌సీసీబీ పడుతుంది గానీ మనిషికి షాక్ కొట్టినప్పుడు పడకపోవచ్చు. ఆ బటన్ పరీక్షించేది పరికరాన్నే, ఎర్తింగ్‌ను కాదు. వానాకాలంలో మాటిమాటికీ పడిపోతోందని ఆర్‌సీసీబీని తప్పించి డైరెక్ట్ ఇచ్చేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఎక్కడో లీకేజీ ఉందని అది చెబుతోంది, ముందు దాన్ని వెతకండి.

అపోహ: రబ్బరు చెప్పులుంటే షాక్ కొట్టదు.

ఒక చెయ్యి గ్రైండర్ మీద, ఇంకో చెయ్యి రాడ్ మీద ఉంటే కరెంటు ఛాతీ గుండానే పోతుంది. కాళ్లతో పనే లేదు.

అపోహ: టెస్టర్ వెలగలేదంటే కరెంటు లేనట్టే.

మిట్ట మధ్యాహ్నం ఎండలో టెస్టర్ లైటు కనబడదు. లోపలి బల్బు పోయి ఉండొచ్చు. ముందు కరెంటు ఉన్నచోట పెట్టి చూడాలి, తర్వాత మనం పని చేయబోయే వైరు మీద, మళ్లీ కరెంటు ఉన్నచోట. దానికంటే ముందు మెయిన్ ఆఫ్ చేసి తాళం వేసి, తాళంచెవి పనిచేసేవాడి జేబులోనే ఉంచాలి.

అపోహ: పై లైనుకు తగలనంత వరకు ఏమీ కాదు.

11 కేవీ లైనుకు బాగా దగ్గరగా వెళ్తే, తగలకపోయినా కరెంటు గాలిలోంచే దూకుతుంది. బిల్డింగ్‌కూ ఆ లైనుకూ మధ్య అడ్డంగా 1.2 మీటర్లు, నిలువుగా 3.7 మీటర్లు ఉండాలన్నది నిబంధన. కానీ మన రాడ్ పొడవు 12 మీటర్లు. దాన్ని భుజాన వేసుకుని మలుపు తిరిగితే ఆ దూరం ఏ మూలకు? లైను పక్కన పనిచేయాలంటే డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) నుంచి ఎల్‌సీ, అంటే లైనులో సప్లై ఆపి ఇచ్చే అనుమతి, తీసుకోవాల్సిందే.

అపోహ: షాక్ కొట్టినవాణ్ని ఇసుకలో పడుకోబెడితే ఒంట్లో కరెంటు దిగిపోతుంది.

ఒంట్లో కరెంటు నిలవ ఉండదు. ఇసుక దగ్గర పోయే ప్రతి నిమిషం ప్రాణానికి నష్టమే. ముందు మెయిన్ ఆపండి, అప్పుడే అతన్ని ముట్టుకోండి. ఊపిరి మామూలుగా లేకపోతే ఒకరు 108కి ఫోన్ చేస్తుంటే మరొకరు వెంటనే సీపీఆర్ మొదలుపెట్టాలి. ఛాతీ మధ్యలో 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. లేచి నడిచినా సరే, ఆస్పత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించాలి.

ఈ నొక్కడం చూస్తే రాదు, బొమ్మ మీద ఎవరికి వారు చేయాలి. అందుకే ఒక బ్యాచ్‌కు 25 మందికి మించి వద్దంటాను. షామియానా కింద వందమందిని కూర్చోబెట్టి సంతకాలు తీసుకుంటే అందరి వంతూ రాదు. సైట్లో గ్యాంగులు మారుతూనే ఉంటాయి కాబట్టి, కొత్త గ్యాంగ్ దిగిన రోజే, మెషీన్ చేతికివ్వక ముందే ఈ క్లాసు జరగాలి.